‘ఇన్‌ఫార్మ్‌డ్’ అన్న ఒక్క మాట గురించి: బోధనాసుపత్రుల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రభుత్వ బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, విభాగాధిపతులకు,

నమస్కారం. నేను 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి, రెండేళ్ళ కిందట హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా మీలాంటి పెద్దల ముందు కూర్చుని మాట్లాడే అవకాశం ఎప్పుడో గానీ వచ్చేది కాదు. వచ్చినప్పుడు ఇండెంట్ల గురించో, చిరిగిపోయిన పరుపుల గురించో, సిస్టర్ల సెలవుల గురించో చెప్పి బయటికొచ్చేసేదాన్ని. అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. అది ఇప్పుడు రాస్తున్నాను.

మీ ఆసుపత్రిలో ఏ వార్డుకైనా వెళ్ళి రిపోర్టు పుస్తకం తిరగేయండి. పేజీకి రెండుమూడు చోట్ల ‘డ్యూటీ డాక్టర్ ఇన్‌ఫార్మ్‌డ్’ అని కనబడుతుంది. నా చేత్తోనే కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. ఆ మాట రాస్తే సిస్టర్ మీదికి ఏమీ రాదు. కానీ ఏ మాటల్లో చెప్పింది, అవతలివారు ఏం విన్నారు, ఏం చేస్తామన్నారు, ఎంతసేపట్లో వస్తామన్నారు, ఇవేవీ అందులో ఉండవు. చెవిన వేశాం అంతే. ఆ చెవి అప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

2009లో ఒక రాత్రి సంగతి చెబుతాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అక్కర్లేదు. మీలో ప్రతి ఒక్కరి ఆసుపత్రిలోనూ ఇది జరగగలదు.

ప్రసూతి వార్డు. 42 మంది బాలింతలు, నాతో కలిపి ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ తీసుకున్నాను. మధ్యాహ్నం డ్యూటీ సిస్టర్‌కి ఎనిమిదీ పదికి ఆఖరి బస్సు. చేతిలో బ్యాగు పట్టుకునే ఓవర్ ఇచ్చింది, అంటే రోగుల సంగతులు నాకు అప్పజెప్పింది. ఆమెను తప్పు పట్టడం లేదు. ఆ బస్సు పోతే ఆటోకి ఆ రోజుల్లో 80 రూపాయలు. ‘మూడో బెడ్, సాయంత్రం నాలుగింటికి సిజేరియన్, వైటల్స్ స్టేబుల్, యూరిన్ క్లియర్’ అంది. నేను రాసుకున్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆ అమ్మాయికి 22 ఏళ్ళు, తొలి కాన్పు. పదింటికి పల్స్ 110. పదకొండున్నరకి 124. బీపీ మాత్రం 100 బై 70 దగ్గరే నిలబడి ఉంది. బాలింతల్లో రక్తం పోతున్నప్పుడు ముందు పరిగెత్తేది పల్సే, వయసులో ఉన్న ఒళ్ళు బీపీని చివరిదాకా నిలబెట్టుకుంటుంది. చదువుకున్నప్పుడు నాకూ తెలుసు. బీపీ బాగానే ఉంది కదా అని సర్దుకోవడం అలవాటైపోయింది. పక్కన కూర్చున్న వాళ్ళమ్మ రెండుసార్లు వచ్చి, ‘సిస్టరమ్మా, దప్పిక దప్పిక అంటోంది, ఒక గుక్క నీళ్ళు పొయ్యనా’ అని అడిగింది. ‘ఆపరేషనైంది, నోటికేం ఇవ్వొద్దని చెప్పాంగా’ అని కసిరాను. ఆ దప్పికే నాకు అందిన మొదటి కబురు. నేను దాన్ని నీళ్ళ కోసం పేచీ అనుకున్నాను.

పదకొండు నలభైకి డ్యూటీ పీజీ గారికి, అంటే పై చదువు చదువుతూ డ్యూటీ చేసే డాక్టరుకు, ఫోన్ చేశాను. ఇంకెవరో ఎత్తి ‘సార్ థియేటర్‌లో ఉన్నారు’ అన్నారు. పన్నెండున్నరకి మళ్ళీ చేస్తే ఆయనే దొరికారు. నేనన్న మాటలు ఇప్పటికీ నాకు గుర్తే: ‘సార్, మూడో బెడ్‌కి కొంచెం బ్లీడింగ్ ఉన్నట్టుంది, వీలైతే ఒకసారి చూస్తారా?’ ఆయన ‘డ్రిప్‌లో ఆక్సిటోసిన్ వెయ్యండి, ఈ కేసు అయ్యాక వస్తా’ అన్నారు. గర్భసంచి గట్టిపడి రక్తం ఆగడానికి ఇచ్చే మందు అది. డ్రిప్ పెట్టాను. పుస్తకంలో ‘డ్యూటీ డాక్టర్ ఇన్‌ఫార్మ్‌డ్’ అని రాశాను.

రెండుంబావుకి బీపీ 80 బై 50. పల్స్ 140. ఆ తర్వాత అందరూ పరిగెత్తారు. ఆరు యూనిట్ల రక్తం ఎక్కించారు. తెల్లవారకముందే గర్భసంచి తీసేశారు. ప్రాణం దక్కింది. ఆ పిల్లకి మళ్ళీ బిడ్డలు పుట్టరు.

ఎంక్వైరీ జరిగింది. అందరం రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చాం. ఎవరి కాగితం చూసినా సక్రమంగానే ఉంది. ఎవరి తప్పూ లేదని తేలింది. ఆ నివేదిక చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ వారం రోజుల్లో ఒక్కొక్కరితో మాట్లాడినప్పుడు ఒక్కో ముక్క బయటపడింది. థియేటర్‌లో గర్భసంచి కాసేపు మెత్తబడిపోయిందట, రెండోసారి మందు ఇస్తే గానీ గట్టిపడలేదట. అది ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలుసు, మత్తు డాక్టరుకు తెలుసు, థియేటర్ సిస్టర్‌కి తెలుసు. వార్డుకి ఆ మాట రాలేదు. ఉదయం తీసిన రక్తంలో హిమోగ్లోబిన్ 7.2 అని, అంటే బాగా తక్కువని, ల్యాబ్‌లో రిపోర్టు సిద్ధంగా ఉంది, మర్నాటి కట్టలో కలిసి వచ్చింది. మధ్యాహ్నం సిస్టర్ ఏడింటికి పల్స్ 104 చూసింది, వందకి దగ్గరే కదా అని స్టేబుల్ అంది. అన్నిటికంటే నన్ను కుంగదీసింది మా ఆయమ్మ మాట. ‘నేను ఆ తల్లికి మూడుసార్లు దుప్పటి మార్చానమ్మా. మీరు ఫోన్‌లో ఉన్నారు. డాక్టర్లకి తెలిసే ఉంటదిలే అనుకున్నా.’

రికార్డుల్లో ఆమె ఎఫ్‌ఎన్‌ఓ, అంటే ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ. కేస్ షీట్‌లో ఆమె మాట రాసే గడి లేదు. ఆ రాత్రి మా అందరిలో రక్తం ఎంత పోయిందో కళ్ళారా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

అంటే ఆ అమ్మాయి ప్రమాదంలో ఉందని ఆసుపత్రికి తెలుసు. ఆరుగురి దగ్గర ఆరు ముక్కలుగా తెలుసు. ఆ ముక్కలు ఒకచోటికి చేరలేదు. మందు లేక కాదు, రక్తం లేక కాదు, చదువు లేక కాదు.

ఆ ఫోన్ నేనెలా చేసి ఉండాల్సింది? చాలా ఏళ్ళ తర్వాత ఒక శిక్షణలో ఎస్‌బార్ అనే పద్ధతి చెప్పారు. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల వాళ్ళ అలవాటట, 2000ల మొదట్లో అక్కడి ఆసుపత్రుల్లోకి వచ్చింది. నాలుగే మెట్లు: ఇప్పుడేం జరుగుతోంది, ఈ రోగి కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఆ రోజు ఇంటికెళ్ళి కాగితం మీద ఆ రాత్రి ఫోన్‌ని మళ్ళీ రాసుకున్నాను: ‘సార్, ప్రసూతి వార్డు సిస్టర్‌ని. మూడో బెడ్ అమ్మాయి పల్స్ 124, పెరుగుతోంది. సాయంత్రం నాలుగింటికి సిజేరియన్ అయింది. దుప్పట్లు మూడుసార్లు మార్చాం, దప్పిక అంటోంది. రక్తం బాగా పోతోందని నా అనుమానం. మీరిప్పుడే వచ్చి చూడాలి. రాలేకపోతే అసిస్టెంట్ ప్రొఫెసర్ గారికి ఫోన్ చేస్తాను.’

గడియారం పెట్టుకుని చదివాను. పాతిక సెకన్లు పట్టింది.

ఇందులో మొదటి రెండు మెట్లూ ఏ సిస్టరైనా ఎక్కుతుంది. మూడోదే కష్టం. ‘నాకేమనిపిస్తోంది’ అని చెప్పడం మాకు నేర్పలేదు. ‘డయాగ్నోసిస్ నువ్వు చెప్తావా?’ అని ఒక్కసారి అనిపించుకున్న సిస్టర్ జన్మలో మళ్ళీ నోరు తెరవదు. అందుకే ‘కొంచెం’, ‘ఉన్నట్టుంది’, ‘వీలైతే’ అని మాటకి మెత్తటి గుడ్డలు చుట్టి చెబుతాం. అవతలి మనిషి నిద్రలేక, చేతిలో ఇంకో ప్రాణం పట్టుకుని ఉంటాడు. ఆ గుడ్డలన్నీ విప్పుకునే తీరిక ఆయనకెక్కడిది? ఆ పీజీ గారి మీద నాకు ఏ కోపమూ లేదు. నేను చెప్పింది ఆయన విన్నారు. నేను చెప్పిందే అంత.

ఇది మన దేశంలో వెనకబాటు అనుకోవద్దు. 2005 మార్చిలో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ళ తల్లి సైనస్ ఆపరేషన్‌కి వెళ్ళింది. మత్తిచ్చాక ఊపిరి గొట్టం పడలేదు. అనుభవమున్న డాక్టర్లు ముగ్గురు 20 నిమిషాలు దాటినా గొట్టం వేయడానికే ప్రయత్నిస్తూ ఉండిపోయారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి గాలి అందించే ట్రాకియాస్టమీ సెట్టు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూలో బెడ్ మాట్లాడి, డాక్టర్ల చూపులు చూసి తానే అతి చేస్తున్నాననుకుని ఆ బెడ్ రద్దు చేసింది. 13 రోజుల తర్వాత ఎలేన్ చనిపోయింది. ఏం చేయాలో తమకు తెలుసనీ, ఆ మాట ఎలా పైకి అనాలో తెలియలేదనీ ఆ నర్సులు తర్వాత చెప్పారు. ఆ వాక్యం చదివిన రోజు నేను ఏడ్చాను.

ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. ఎవరినీ శిక్షించమని అడగలేదు, దీన్నుంచి నేర్చుకోమన్నాడు. ఆ పాఠం వాళ్ళ రంగం అప్పటికే నేర్చుకుని ఉంది. 1977లో టెనెరిఫే విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. ఎదురుగా ఇంకో విమానం రన్‌వే మీద ఇంకా ఉందేమోనని ఫ్లయిట్ ఇంజినీర్‌కి సందేహం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ లేదని గట్టిగా అన్నాక ఇక రెట్టించలేదు. అలాంటి ప్రమాదాల తర్వాతే విమానాల్లో చిన్నవాడు పెద్దవాడికి ఎలా అడ్డు చెప్పాలో, పెద్దవాడు ఎలా వినాలో శిక్షణలో భాగం చేశారు. ఆ రెండో సగం మన ఆసుపత్రుల్లో ఇంకా రాలేదు. నర్సులకి ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ తరగతులు పెడుతున్నారు. డాక్టర్లకి, అందులోనూ యూనిట్ చీఫ్‌లకి, వినడం మీద తరగతి పెట్టగా నేను చూడలేదు.

వినే పెద్దలూ ఉన్నారు. నా తొలి పోస్టింగులో మెడిసిన్ ప్రొఫెసర్ గారొకరు ఉండేవారు. రౌండ్స్‌కి రాగానే కేస్ షీట్ ముట్టుకునేవారు కాదు. ‘సిస్టర్, రాత్రి ఎవరు నిద్రపోలేదు?’ అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి కాబట్టి రాత్రంతా మేం వార్డులో తిరిగేవాళ్ళం. చెమటలు పోసినవాళ్ళు, లేచి కూర్చున్నవాళ్ళు, గోడకి ఆనుకుని ఊపిరి తీసినవాళ్ళు అందరూ మాకు గుర్తుండేవారు. ఒకసారి ఒక పెద్దాయన ‘గాబరాగా ఉందమ్మా’ అన్నాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పీజీ గారికి ఎవరో దాన్ని భయం అని చెప్పారు, కేస్ షీట్‌లో ‘యాంగ్జయిటీ’ అని పడింది. పొద్దున నేను ప్రొఫెసర్ గారితో ‘సార్, ఈయన భయపడే మనిషి కాదు, గుండెల్లో ఏదో అవుతున్నట్టుంది’ అన్నాను. ఈసీజీ తీయిస్తే గుండెపోటు. మన ప్రాంతంలో గాబరా అంటే దడా కావచ్చు, ఆయాసమూ కావచ్చు, భయమూ కావచ్చు. రోగి అన్న మాటని అతని మాటల్లోనే తెలుగులో రాసి, దాని కింద డాక్టరు తన అర్థం రాస్తే ఎంత మేలో చూడండి.

ఇంకో సంగతి. ఇన్సులిన్ 10 యూనిట్లు అని రాయడానికి హౌస్‌సర్జన్ పది పక్కన ఇంగ్లీషు ‘యు’ అక్షరం పెట్టాడు. పైన కలిసిపోయి అది సున్నాలా కనబడింది. మా నర్సింగ్ విద్యార్థిని సిరంజి పట్టుకుని నా దగ్గరికొచ్చి ‘అక్కా, నిజంగా వంద యూనిట్లేనా?’ అని అడిగింది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి ఒకదానికి, నారింజ మూత ఇంకోదానికి. వాటితోనే సతమతమవుతుంటే పైన ఇదొకటి. డ్యూటీలో ఉన్న పీజీ గారు అందరి ముందూ ఆ పిల్లకి థ్యాంక్స్ చెప్పి, ‘ఇకనుంచి యూనిట్స్ అని పూర్తిగా రాయకపోతే మందు ఇవ్వకండి’ అన్నారు. ఆ నెలంతా మా విద్యార్థినులు ప్రతి డోసూ పైకి చదివి, సరేననిపించుకున్నాకే ఇచ్చారు. ఆయన అన్నది రెండు వాక్యాలే.

అయ్యా, అమ్మా, మీరు చేయగలిగినవి కొన్ని అడుగుతాను. వీటికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక్కదానికి తప్ప.

ఆ ఒక్కటీ సమయం. మన డ్యూటీలు ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. ఒకరి డ్యూటీ ముగిసే నిమిషంలోనే ఇంకొకరి డ్యూటీ మొదలవుతుంది. మరి ఓవర్ ఇచ్చేదెప్పుడు? మా సొంత టైములో, బస్సు పోతుందన్న ఆదుర్దాలో. రోస్టర్‌లో 20 నిమిషాలు ఇద్దరికీ కలిసేట్టు వేయండి, ఆ 20 నిమిషాల్నీ డ్యూటీగా లెక్కించండి. ఓవర్ టేబుల్ దగ్గర కాకుండా మంచం దగ్గర జరగాలి. 42 మందికీ వీలు కాకపోతే ఆ పూట ఆపరేషన్ అయినవాళ్ళ దగ్గర, భయపెడుతున్నవాళ్ళ దగ్గరైనా జరగాలి. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ పీజీ కూడా ఆ మంచాల దగ్గర నిలబడాలి. దీనికి టైము వృథా అంటారేమో. ఉత్తర అమెరికాలో 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జూనియర్ డాక్టర్లు ఓవర్ ఇచ్చే తీరుని ఒక పద్ధతిలో పెట్టి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి, నివారించదగిన హాని 30 శాతం తగ్గింది. ఒక్కో రోగికి పట్టిన సమయం ముందు 2.4 నిమిషాలు, తర్వాత 2.5 నిమిషాలు.

ఫోన్‌లో చెప్పిన ఆర్డరు సిస్టర్ తిరిగి చదవాలి, డాక్టరు ‘అవును’ అనాలి, ఆ తర్వాతే ఫోన్ పెట్టేయాలి. ల్యాబ్‌లో ప్రమాదకరమైన విలువ వస్తే కట్టలో పెట్టకుండా అప్పటికప్పుడు వార్డుకి ఫోన్ చేయాలి, ఎవరు తీసుకున్నారో పేరు రాసుకోవాలి. ఇవి గుర్తింపు కోసం తనిఖీలకి వచ్చేవాళ్ళు అడిగే విషయాలే. తనిఖీ వారంలో మన దగ్గరా జరుగుతాయి. మిగతా 51 వారాల సంగతి అడుగుతున్నాను.

ఈమధ్య ఇదంతా వాట్సాప్‌లోకి వెళ్ళిపోయింది. యూనిట్ గ్రూపులో రిపోర్టు ఫోటో పడుతుంది, నలుగురు చూస్తారు, నీలం టిక్కులు వస్తాయి. చూసింది నలుగురు కాబట్టి ఎవరిదీ కాదు. చాలా యూనిట్ల గ్రూపుల్లో సిస్టర్లే ఉండరు. అత్యవసరమైనది గ్రూపులో పెట్టి ఊరుకోకూడదు, పేరు పెట్టి పిలిచి మనిషికి చెప్పాలి.

థియేటర్ విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు మనందరి థియేటర్లలో ఉంది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షించినప్పుడు ఆపరేషన్ తర్వాతి పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కోత పెట్టేముందు గదిలో ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని పైకి చెప్పాలన్నది అందులో ఒక అంశం. ఒకసారి తన పేరు గట్టిగా పలికిన మనిషి, అవసరమైనప్పుడు రెండోసారి నోరు తెరవగలదు. చాలాచోట్ల జరుగుతున్నదేంటంటే, ఆపరేషన్ అయిపోయాక థియేటర్ సిస్టర్ ఒక్కతే కూర్చుని అన్ని గడుల్లో టిక్కులు పెడుతోంది. ఆ టిక్కులు చూసి సంతకం పెట్టేది మీరే. చెక్‌లిస్టులో చివరి భాగం, రోగి గది దాటకముందు ఈ రోగి విషయంలో వార్డువాళ్ళు దేనికి జాగ్రత్తపడాలో అందరూ పైకి చెప్పుకోవడం. 2009లో ఆ ఒక్కటి జరిగి, ‘గర్భసంచి మెత్తబడింది, కనిపెట్టి ఉండండి’ అన్న కబురు నాకు వచ్చి ఉంటే!

ఒక ఆర్డరు మీ సంతకంతో వార్డు గోడకి అంటించండి: పిలిచిన 15 నిమిషాల్లో ఎవరూ రాకపోతే సిస్టర్ పై డాక్టరుకు ఫోన్ చేయవచ్చు, అక్కడా జవాబు లేకపోతే యూనిట్ చీఫ్‌కి చేయవచ్చు, అలా చేసినందుకు ఆమెను ఎవరూ ఏమీ అనకూడదు. అర్ధరాత్రి ఒక ఫోన్ అనవసరమని తేలినా ‘చేసి మంచి పని చేశావు’ అనండి. చీఫ్ నోటి నుంచి ఆ మాట ఒక్కసారి వస్తే వార్డంతా తెల్లారేసరికి పాకుతుంది. కసురుకున్న మాట అంతకంటే తొందరగా పాకుతుంది.

ఇంకొకటి. 2019 నుంచి ఎంబీబీఎస్ పిల్లలకి నడవడిక, నైతికత, సంభాషణ గురించి ఎట్‌కామ్ అని పాఠాలు పెట్టారు. మంచిదే. మన కాంపౌండ్లలో చాలాచోట్ల మెడికల్ కాలేజీ పక్కనే నర్సింగ్ కాలేజీ ఉంటుంది. నాలుగేళ్ళు పక్కపక్కన చదువుతారు, ఒక్క తరగతిలోనూ కలిసి కూర్చోరు. అర్ధరాత్రి ఫోన్‌లోనే మొదటిసారి మాట్లాడుకుంటారు. నెలకి ఒక్క పూట వాళ్ళని కలిపి కూర్చోబెట్టండి. సిస్టర్ పాత్ర డాక్టరు పిల్లల చేత వేయించండి.

ఆ ఆయమ్మ పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా ఆ రాత్రి గురించి ఎప్పుడు మాటొచ్చినా ‘నేను అరవాల్సింది’ అనేది. అరిచే హక్కు తనకుందని ఆమెకి ఎవరు చెప్పారు గనక?

ఈ ఉత్తరం చదివిన వారంలో ఒకరోజు, ముందుగా కబురు పెట్టకుండా, రాత్రి ఎనిమిదికి పది నిమిషాల ముందు మీ ప్రసూతి వార్డుకి వెళ్ళండి. ఓవర్ ఎలా ఇస్తున్నారో ఒక పక్కన నిలబడి వినండి. అయ్యాక ఆయమ్మ దగ్గరికి వెళ్ళి, ‘ఈ పూట ఎవరి దుప్పటి ఎక్కువసార్లు మార్చావమ్మా?’ అని అడగండి. ఆమె చెప్పే బెడ్ నంబరు దగ్గరికి మీరే వెళ్ళి పల్స్ చూడండి.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత హెడ్ నర్సు